అన్యాంగ్‌లో యిన్‌షు: "అక్కడ మట్టి తప్ప ఏం లేదు" అన్నవాళ్ళ మాట విని మానేయకండి

మీరు అడిగింది ఇదీ: అక్టోబర్ చివర్లో ఆఫీస్ పని మీద బీజింగ్ వెళ్తున్నారు, సోషల్ మాస్టారుగా రిటైరైన మీ నాన్నగారు కూడా వస్తున్నారు, పని అయిపోయాక మూడ్రోజులు ఖాళీ, ఆయనేమో టెర్రకోటా సైన్యం వద్దు అన్యాంగ్‌లో యిన్‌షు (షాంగ్ అనే ప్రాచీన చైనా రాజవంశం రాజధాని తవ్వి తీసిన చోటు) చూద్దాం అంటున్నారు, వెళ్ళొచ్చిన వాళ్ళెవరో "అక్కడేం లేదండీ, మట్టి, గుంటలు" అన్నారు, వెళ్ళాలా వద్దా అని.

వెళ్ళండి. నేను హెనాన్ రాష్ట్ర రాజధాని జెంగ్‌జౌలో ఐదేళ్ళు ఉద్యోగం చేశాను, అక్కణ్ణించి అన్యాంగ్ గంటలోపు ప్రయాణం, యిన్‌షు నాలుగు సార్లు చూశాను. మొదటిసారి నేను కూడా "ఇంతేనా" అనుకునే తిరిగొచ్చాను. ఎందుకంటే ఏం చదువుకోకుండా డైరెక్ట్‌గా గేట్ దగ్గర దిగి లోపలికెళ్ళాను, పచ్చగడ్డి, మొక్కలతో గీసిన గీతలు, గడ్డి కప్పు వేసి కొత్తగా కట్టిన ఒక రాజభవనం నమూనా, గాజు కింద కొన్ని గుంటలు, గంటన్నరలో బయటికొచ్చేశాను. రెండోసారి మా ఆఫీస్‌లో పనిచేసే అన్యాంగ్ అమ్మాయి ఒకావిడ వెంట ఉంది, ఆవిడ ఒక్కో గుంట దగ్గర ఆపి ఇక్కడ ఏం దొరికింది, దాని మీద ఏం రాసుంది అని చెప్తుంటే సాయంత్రం గేట్లు మూసేదాకా కదల్లేదు. అదే నేల, అవే గుంటలు. కాబట్టి టికెట్ బుక్ చేసే ముందు కాస్త సంగతి తెలుసుకుని వెళ్ళాలి, ఆ సంగతే ముందు చెప్తాను, హోటళ్ళూ ట్రైన్లూ తర్వాత.

ఇది షాంగ్ రాజుల ఆఖరి రాజధాని. సుమారు క్రీ.పూ. 1300 నుంచి 1046 వరకు, అంటే రెండున్నర శతాబ్దాలు ఇక్కడి నుంచే పాలించారు. 1899 దాకా షాంగ్ అంటే పాత గ్రంథాల్లో పేరు మాత్రమే, నిజంగా ఉన్నారా అని చాలామందికి అనుమానం. ఆ రోజుల్లో ఇక్కడి శ్యావ్‌తున్ ఊరి రైతులు పొలం దున్నుతుంటే పాత ఎముకలు దొరికేవి, వాటిని "డ్రాగన్ ఎముకలు" అని మందుల కొట్లకి అమ్మేవాళ్ళు, కొట్లో నూరి మందులో కలిపేవాళ్ళు. బీజింగ్‌లో రాజు గారి విద్యాపీఠానికి పెద్దగా ఉన్న వాంగ్ యీరోంగ్ అనే పండితుడు 1899లో ఆ ఎముకల మీద గీతలు చూసి ఇవి అక్షరాలు అని గుర్తుపట్టాడు. జ్వరానికి తెప్పించుకున్న మందు పొట్లంలో కనిపించాయి అని ఒక కథ చెప్తారు, కథ ఎలా ఉన్నా గుర్తుపట్టింది మాత్రం ఆయనే. మరుసటి ఏడే విదేశీ సైన్యాలు బీజింగ్‌లోకి వచ్చినప్పుడు ఆయన తన ప్రాణం తానే తీసుకున్నాడు. ఈలోగా ఎన్ని ఎముకలు కషాయాల్లో కలిసిపోయాయో తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

పద్ధతి ప్రకారం తవ్వకాలు 1928లో మొదలయ్యాయి. ఇప్పటిదాకా దొరికిన రాత ముక్కలు లక్షన్నర పైమాటే. వాటి మీద సుమారు 4,500 వేర్వేరు అక్షరాలున్నాయి, మూడో వంతు మాత్రమే చదవగలిగారు. అన్యాంగ్‌లోనే ఉన్న చైనా లిపి మ్యూజియం వాళ్ళు 2016లో, ఇంతవరకు ఎవరూ చదవని అక్షరాన్ని రుజువుతో చదివినవాళ్ళకి ఒక్కో అక్షరానికి లక్ష యువాన్లు ఇస్తామని ప్రకటించారు కూడా.

ఇంతకీ ఏం రాశారు వాటి మీద? ప్రశ్నలు. మన దగ్గర సోదె అడగడం, ప్రశ్న చెప్పించుకోవడం లాంటిదే అనుకోండి, కాకపోతే అడిగేది రాజు, జవాబు చెప్పాల్సింది చచ్చిపోయిన తాతముత్తాతలు. తాబేలు కడుపు వైపు డిప్ప గానీ ఎద్దు భుజం పలక ఎముక గానీ తీసుకుని శుభ్రంగా చెక్కి, వెనక వైపు వరసగా చిన్న చిన్న గుంటలు తొలుస్తారు, అవతలి వైపుకి చిల్లు పడకుండా. ఆ గుంట దగ్గర నిప్పు తగిలిస్తే ముందు వైపు టప్ మని పగులు వస్తుంది, ఒక నిలువు గీత, దాని పక్కకి చిన్న కొమ్మ. ఆ పగులు ఎటు పోయిందో చూసి రాజు ఫలితం చెప్తాడు. చైనా భాషలో జోస్యానికి వాడే "బు" అనే అక్షరం ఈ రోజుకీ అచ్చం ఆ పగులు ఆకారంలోనే ఉంటుంది. తర్వాత ఆ పగులు పక్కనే కత్తితో చెక్కేస్తారు: ఫలానా రోజు, ఫలానా వాడు అడిగాడు, ప్రశ్న ఇది, రాజు ఇలా అన్నాడు, చివరికి జరిగింది ఇది. వాన పడుతుందా, పంట పండుతుందా, ఫలానా తెగ మీద యుద్ధానికి వెళ్ళొచ్చా, రాజుగారి పన్ను నొప్పి ఏ పూర్వీకుడి శాపం, ఇలాంటివన్నీ.

రోజుల లెక్క మీ నాన్నగారికి బాగా నచ్చుతుంది. 10 గుర్తులు ఒక వరస, 12 గుర్తులు ఒక వరస, రెండూ కలిపి తిప్పితే 60 రోజులకి ఒక చుట్టు పూర్తవుతుంది. మనకి ప్రభవ విభవ అని 60 ఏళ్ళ చక్రం ఉన్నట్టు వాళ్ళకి 60 రోజుల చక్రం. షాంగ్ రాజుల పేర్లలో చివర వచ్చే డింగ్, గెంగ్, యి అన్నీ ఆ 10 గుర్తుల్లోవే.

ఇప్పుడు అసలు విషయం. యిన్‌షులో రాజభవనాల ప్రాంతంలో వైహెచ్ 127 అని ఒక గుంట చూపిస్తారు. చాలామంది ఫోటో తీసుకుని అర నిమిషంలో వెళ్ళిపోతారు. 1936 జూన్‌లో, ఆ సీజన్ తవ్వకం ఇక ఆపేద్దాం అనుకున్న రోజుల్లో దొరికింది ఈ గుంట, లోపల 17,096 ముక్కలు, ఒకదాని మీద ఒకటి. ఎండలో అక్కడే విడదీయలేక మట్టితో సహా ఒకే పెళ్ళగా కోసి, చెక్క పెట్టెలో బిగించి నాన్‌జింగ్‌కి తీసుకెళ్ళారు, టన్నుల బరువు. తర్వాత యుద్ధాలొచ్చి ఆ ముక్కలు తైవాన్ చేరాయి, ఇప్పటికీ తైపేలోనే ఉన్నాయి. ఆ గుంటలోంచి వచ్చిన ఒక తాబేలు డిప్ప మీద రాత ఇది, నా మాటల్లో చెప్తున్నా: "జియాషెన్ రోజున అడిగాం. ఫూ హావ్‌కి కాన్పు. మంచిగా అవుతుందా? రాజు పగులు చూసి అన్నాడు: డింగ్ రోజున ప్రసవిస్తే మంచిది, గెంగ్ రోజున ప్రసవిస్తే మహా శుభం. 31వ రోజు, జియాయిన్ నాడు ప్రసవించింది. మంచి జరగలేదు. ఆడపిల్ల."

అంతే రాత. నేను ఆ గుంట పక్కన నిలబడి ఫోన్లో అనువాదం చదివినప్పుడు చాలాసేపు ఏం మాట్లాడలేకపోయాను. 3,200 ఏళ్ళ కిందట ఒక మొగుడు పెళ్ళాం కాన్పు గురించి భయపడి అడిగిన ప్రశ్న అది, ఆడపిల్ల పుడితే మొహం మాడ్చుకున్న ఇల్లు కూడా అదే. మన ఊళ్ళల్లో వినని మాటా చెప్పండి.

ఆ ఫూ హావ్ ఎవరంటే వూ డింగ్ అనే రాజు భార్యల్లో ఒకావిడ. ఆడపిల్ల పుట్టడం మంచిది కాదని రాసిన అదే ఎముకల మీద ఈవిడ 13,000 మందితో సైన్యాన్ని నడిపిన సంగతి కూడా ఉంది. ఈవిడ సమాధి ఆ వైహెచ్ 127 గుంట నుంచి పెద్ద దూరంలో లేదు, ముందు చేతిలో గండ్రగొడ్డలితో తెల్లటి విగ్రహం ఉంటుంది, వెతుక్కోక్కర్లేదు. సమాధి దొరికిన తీరు కూడా తెలుసుకుని వెళ్ళండి. 1970ల్లో ఊరివాళ్ళు అక్కడి మిట్టని చదును చేసి పొలం చేద్దాం అనుకున్నారు, అప్పుడు జెంగ్ జెన్‌శ్యాంగ్ అనే పురావస్తు శాస్త్రవేత్త, ఆవిడా ఆడమనిషే, చదును చేసే ముందు ఒకసారి చూస్తాం అని పట్టుబట్టింది. వాళ్ళ దగ్గర లువోయాంగ్ పార అని ఒకటుంటుంది, పొడుగు కర్రకి సగం గొట్టం లాంటి ఇనప మొన, నేలలోకి దింపి పైకి తీస్తే లోపలి మట్టి పొరలు పొరలుగా వస్తుంది. 1976లో దాన్ని దింపుతూ పోతే దిమ్మిస కొట్టిన గట్టి మట్టి తగిలింది, ఇంకా ఇంకా దింపారు, ఏడు మీటర్లు దాటాక ఎర్ర లక్క పొరతో పాటు చిన్న జేడ్ రాయి పైకొచ్చింది. లోపల నీళ్ళు ఊరి బురదయిపోతే పనివాళ్ళు ఆ నీళ్ళల్లో దిగి చేతులతో తడిమి వస్తువులు తీశారు. మొత్తం 1,928 వస్తువులు. తవ్వకాలు మొదలైన సంవత్సరం అంకే, అలా గుర్తుపెట్టుకోవచ్చు. అందులో 468 కంచువి, 755 జేడ్ రాతివి, ఒక్క గండ్రగొడ్డలే 9 కిలోలు. కంచు పాత్రల మీద "ఫూ హావ్" అని పేరు ఉండబట్టే సమాధి ఎవరిదో తెలిసింది. సమాధి పైన ఒక చిన్న కట్టడం పునాది ఉండటం వల్ల దొంగల కన్ను పడలేదు, రాజుల పెద్ద సమాధులన్నీ దొంగలు ఊడ్చేసినా ఇది మిగిలింది.

సమాధిలో దాదాపు 7 వేల గవ్వలు కూడా ఉన్నాయి. అన్యాంగ్ సముద్రానికి ఎంత దూరమో మ్యాప్‌లో చూడండి, అందుకే అక్కడ గవ్వ అంటే సంపద. డబ్బు, సరుకు, కొనడం ఇలాంటి మాటలు రాసే చైనా అక్షరాల్లో ఈ రోజుకీ గవ్వ బొమ్మ ఒక భాగంగా ఉంటుంది. యిన్‌షులో దొరికిన గవ్వల్ని దగ్గరగా చూస్తే చాలావాటికి వీపు మీద చిల్లు కనిపిస్తుంది, దండలా గుచ్చడానికి. చిల్లిగవ్వ అంటే మనకి దేనికీ పనికిరానిది, వాళ్ళకేమో చిల్లు పెట్టిన గవ్వే దాచుకునే సొత్తు.

ఇప్పుడు వరస. ఇది చాలా ముఖ్యం, నేను చేసిన తప్పు మీరు చేయకండి. మొదట బీజింగ్‌లోనే, అన్యాంగ్ వెళ్ళకముందే, తియానన్‌మెన్ పక్కనున్న జాతీయ మ్యూజియంలో ప్రాచీన చైనా గ్యాలరీ చూడండి. ఎందుకంటే ఫూ హావ్ సమాధిలో ఇప్పుడు మీరు చూసేవి నకళ్ళు, అసలు వస్తువుల్లో చాలావరకు బీజింగ్‌లో ఉన్నాయి. హౌమూవూ డింగ్ (ఈ డింగ్ రోజు గుర్తు కాదు, పాత్ర పేరు) కూడా అక్కడే, 832.84 కిలోల నాలుగు కాళ్ళ కంచు పాత్ర, 1939లో అన్యాంగ్ పక్క ఊళ్ళో రైతులకి దొరికితే జపాన్ సైన్యం ఎత్తుకుపోతుందని మళ్ళీ మట్టిలో పూడ్చి పెట్టారు, 1946లో తిరిగి తవ్వి తీశారు. ఆ మ్యూజియానికి ముందుగానే ఆన్‌లైన్‌లో పాస్‌పోర్ట్ నంబర్‌తో స్లాట్ బుక్ చేసుకోవాలి, సోమవారం సెలవు. వీలుంటే జెంగ్‌జౌ హెనాన్ మ్యూజియంలో ఫూ హావ్ గుడ్లగూబ పాత్ర కూడా చూడొచ్చు, జంటలో ఒకటి అక్కడ ఇంకోటి బీజింగ్‌లో, కానీ మీకు మూడ్రోజులే కాబట్టి బీజింగ్‌దే చాలు.

రెండోరోజు పొద్దున్నే బీజింగ్ వెస్ట్ నుంచి అన్యాంగ్ ఈస్ట్‌కి హైస్పీడ్ ట్రైన్, రెండు రెండున్నర గంటలు అనుకోండి. అన్యాంగ్ అని ఊళ్ళో పాత స్టేషన్ ఇంకోటుంది, బుక్ చేసేటప్పుడు పేరు చూసుకోండి. హోటల్లో సామాను పడేసి మధ్యాహ్నం యిన్‌షు కొత్త మ్యూజియంకి వెళ్ళండి, 2024 ఫిబ్రవరిలో తెరిచారు, నేను నాలుగోసారి వెళ్ళింది దానికోసమే. హువాన్ నదికి ఒక వైపు మ్యూజియం, అవతలి వైపు రాజభవనాల చోటు. నాలుగు వేల దాకా వస్తువులు పెట్టారు కాబట్టి అన్నీ చూద్దాం అనుకోవద్దు, మీ నాన్నగారి కాళ్ళు తట్టుకోవు. ఎముకల రాతలున్న గది, యా ఛాంగ్ అనే సేనాని సమాధిలో దొరికిన వస్తువులు, రథాలు, ఈ మూడూ తీరిగ్గా చూడండి. యా ఛాంగ్ అస్థిపంజరం మీద యుద్ధంలో తగిలిన దెబ్బలు కనిపించాయి, సమాధిలో కంచుతో పోసిన చెయ్యి ఒకటి దొరికింది. కంచు ఎద్దు పాత్ర కూడా ఆయనదే, ఆ ఎద్దు ఒంటి మీద రెండు పక్కలా పులి బొమ్మలు, దగ్గరికెళ్ళి పొట్ట వైపు చూడండి.

మూడోరోజు పొద్దున తెరిచే టైమ్‌కి రాజభవనాల చోటు. రాతి కోటలు, గోపురాలు ఉంటాయని మాత్రం ఊహించుకోకండి, షాంగ్ వాళ్ళు రాయితో కట్టలేదు. మన పాత మట్టి ఇళ్ళకి అరుగులు ఎలా దిమ్మిస కొట్టి లేపేవాళ్ళో అలాగే పలచటి పొరలుగా మట్టి పోసి కొట్టి పునాది వేసి, దాని మీద చెక్క స్తంభాలు నిలబెట్టి గడ్డి కప్పారు. చెక్క, గడ్డి పోయాయి, పునాది మిగిలింది, దాన్ని కూడా పాడవకుండా మళ్ళీ మట్టి కప్పి పైన గుర్తులు పెట్టారు. గాలికీ వానకీ వదిలేసి అందరికీ చూపించడం కన్నా ఇదే సరైన పని అని నా అభిప్రాయం, చూసేవాళ్ళకి నిరాశగా ఉన్నా సరే. అక్కడే రథాల గుంటలున్న హాల్ ఉంది, దాన్ని అస్సలు వదలొద్దు. మీరు చూసే చక్రాలు, చక్రాల ఆకులు, నొగ అన్నీ నిజానికి మట్టే, చెక్క వేల ఏళ్ళ కిందే కుళ్ళిపోయింది, కుళ్ళిన చోట మట్టి రంగు కొంచెం తేడాగా ఉంటుంది, ఆ తేడా పట్టుకుని చుట్టూ మట్టిని గోకి గోకి రథం ఆకారం మిగిల్చారు. పక్కన రెండు గుర్రాల ఎముకలు, కొన్ని గుంటల్లో మనిషివి కూడా. మా నాన్నగారు వచ్చినప్పుడు (బండి కట్టిన మనిషి ఆయన) చక్రం ఆకులు లెక్కపెట్టి, ఇరుసు పొడుగు చూసి, "ఇది గతుకుల్లో తిరగబడకుండా కట్టిన బండి రా" అన్నారు. నాకు ఆ చూపు లేదు.

అక్కణ్ణించి రాజుల సమాధులు నదికి ఉత్తరాన, కారులో వెళ్ళాలి. నాలుగు వైపులా దిగే దారులతో బ్రహ్మాండమైన గోతులు, అన్నీ దోచుకున్నవే. ఇక్కడొక మాట ముందే చెప్పాలి. ఈ సమాధుల చుట్టూ వెయ్యికి పైగా బలి గుంటలు ఉన్నాయి, వాటిల్లో చాలావరకు మనుషులు, తలలు వేరు చేసినవాళ్ళు. ఫూ హావ్‌తో కూడా 16 మందిని, 6 కుక్కల్ని పూడ్చారు. యుద్ధంలో పట్టుకొచ్చిన చియాంగ్ తెగ వాళ్ళని ఎంతమందిని బలివ్వాలి అని కూడా అవే ఎముకల మీద ప్రశ్నలున్నాయి. చిన్నపిల్లలు వెంట ఉంటే ఇది మానేయొచ్చు, మీరిద్దరే కాబట్టి చూడండి, ఆ కంచు పనితనం చూసి మెచ్చుకున్న కళ్ళతోనే దీన్ని కూడా చూడాలి, ఒకటి చూసి ఇంకోటి వదిలేస్తే సగమే చూసినట్టు. ఈ సమాధుల దగ్గరే 1978లో మెడలో కంచు గంటతో ఒక ఏనుగు గున్న అస్థిపంజరం దొరికింది. అప్పట్లో హెనాన్‌లో ఏనుగులు ఉండేవి, ఆ ప్రాంతంలో కార్ల నంబర్ ప్లేట్ మీద మొదటి అక్షరం "యు", హెనాన్‌కి పొట్టి పేరు, ఆ అక్షరంలో కుడిపక్క సగం ఏనుగే. ఆ రోజు టాక్సీ ఎక్కే ముందు నాన్నగారికి చూపించండి.

తిండి సంగతి. నాన్నగారు శాకాహారం అన్నారు కాబట్టి జాగ్రత్త. అన్యాంగ్‌లో పొద్దున్నే అందరూ తినే బ్యెన్‌ఫెన్ త్సాయ్ అనే వేడి వేడి సూప్ చూడ్డానికి టోఫు, ఆకుకూర, సేమ్యా లాగే ఉంటుంది, కానీ అందులో పంది రక్తం గడ్డకట్టించిన ముక్కలు వేస్తారు. బదులుగా ఫెన్‌జ్యాంగ్ ఫాన్ అడగండి, పెసల పిండి తీయగా మిగిలిన నీళ్ళు పులియబెట్టి చిరుధాన్యం, వేరుశెనగ వేసి కాస్తారు, పుల్లటి గంజి రుచి, తరవాణి అలవాటున్న ఇంట్లో పెరిగిన వాళ్ళకి సులువుగా దిగిపోతుంది. అయినా వేసే ముందు మాంసం, పంది కొవ్వు కలిపారా అని అడగాలి. "మాంసం, గుడ్డు, పంది కొవ్వు, మాంసం పులుసు ఏదీ వద్దు" అని చైనా భాషలో ఒక నోట్ ఫోన్లో సేవ్ చేసి చూపించండి, నోటితో చెప్తే అర్థం కాదు. మా నాన్నగారి కోసం ఎలక్ట్రిక్ కెటిల్, ఉప్మా మిక్స్, పచ్చడి పట్టుకెళ్ళాను, రెండు పూటలు అదే కాపాడింది.

ఫోన్ విషయానికి వస్తే గూగుల్, వాట్సాప్ అక్కడ మామూలుగా పనిచేయవు, ఇక్కడి నుంచే రోమింగ్ గానీ ఈసిమ్ గానీ పెట్టుకుని వెళ్ళండి. అలీపే అనే చైనా పేమెంట్ యాప్‌లో మీ వీసా లేదా మాస్టర్ కార్డు ఇండియాలో ఉండగానే యాడ్ చేసి పాస్‌పోర్ట్ వెరిఫికేషన్ పూర్తి చేసుకోండి, టాక్సీ కూడా ఆ యాప్‌లోనే పిలవొచ్చు. పాస్‌పోర్ట్ ఒరిజినల్ ఎప్పుడూ జేబులో ఉండాలి, ట్రైన్ గేట్ దగ్గరా మ్యూజియం దగ్గరా అదే చూపించాలి. గైడ్ కావాలంటే కంగారుగా గేట్ దగ్గర పట్టుకోవద్దు, ఒకసారి నాకు దొరికినాయన గంటలో ముగించి జేడ్ కొట్టుకి తీసుకెళ్ళి కూర్చోబెట్టాడు. పాత ఎముక ముక్క అని ఎవరైనా అమ్మజూపితే అస్సలు తీసుకోకండి, నకిలీ అయితే డబ్బు పోతుంది, నిజమైతే దేశం దాటించడం నేరం.

మీరు అక్టోబర్ చివర్లో వెళ్తుండటం మంచిదైంది, 1 నుంచి వారం రోజులు వాళ్ళ జాతీయ దినోత్సవం సెలవులు, అప్పుడు కాలు పెట్టే సందు ఉండదు. చివర్లో పొద్దున సాయంత్రం చలిగా ఉంటుంది, నాన్నగారికి స్వెట్టర్ సరిపోతుంది. ట్రైన్ టికెట్లు 15 రోజుల ముందు ఓపెన్ అవుతాయి, తిరుగు ప్రయాణం మూడోరోజు సాయంత్రం ఆరు తర్వాతది తీసుకోండి. ఇంకేమన్నా ఉంటే, అంటే వీల్‌చైర్ గురించి గానీ హోటల్ గురించి గానీ, కింద అడగండి, అన్యాంగ్ అమ్మాయిని కనుక్కుని చెప్తాను.